కిటికీ సందులో కాగితాలు

నిన్న సాయంత్రం ఐదు గంటల పది నిమిషాలకు మా ఇంటి కింద ఇస్త్రీ చేసే ఆయన బొగ్గులు రాజేశాడు. రోజూ ఆ వేళకే రాజేస్తాడు. గోడ పక్కన మూకుడులో బొగ్గులు వేసి, అట్టముక్కతో విసిరి, ఎర్రబడ్డాక ఇస్త్రీపెట్టెలో పోసుకుంటాడు. నిన్న చలి ఎక్కువగా ఉంది. మిగిలిన బొగ్గుల్ని మూకుడుతో సహా దుకాణం లోపలికి తీసుకుపోయి, షట్టర్ సగానికి పైగా దించాడు. లోపల ఆయన భార్య బట్టలు మడత పెడుతోంది.

నేను రెండంతస్తులు దిగి వెళ్ళి షట్టర్ ఎత్తమన్నాను.

"పొగ లేదు గదమ్మా," అన్నాడు. "అన్ని ఎర్రగైనయి."

ఎత్తేదాకా అక్కడే నిలబడ్డాను. ఆయన ఎత్తాడు. నా మాట నమ్మి కాదు, వయసు పైబడిన మనిషితో వాదన ఎందుకని. పొగ లేదన్న ఆ మాట నా చిన్నతనంలో ప్రతి ఇంట్లో విన్నాను. పొగ పోయింది, ఇక లోపలికి తేవచ్చు అని.

మాది గోదావరికి దగ్గరలో ఉన్న బొగ్గుగనుల కాలనీ. మేము నాన్నను బాపు అనేవాళ్ళం, అమ్మను అవ్వ అనేవాళ్ళం. బాపు గనిలో గ్యాస్ చూసే పని చేసేవాడు. మిగతావాళ్ళు దిగకముందే దీపం పట్టుకుని దిగి, ఎక్కడ గాలి బాగుందో ఎక్కడ లేదో చూసి, పలక మీద సుద్దతో రాసి సంతకం పెట్టాలి. ఆ సంతకం లేనిదే ఎవరూ లోపలికి పోరు. అవ్వకు దాని గురించి గర్వమూ ఉండేది, భయమూ ఉండేది. అందరికంటే ముందు దిగేది ఆయనే కదా.

రోజుకు మూడుసార్లు షిఫ్టు సైరన్ మోగేది. ఆ మూడు వేళలు కాక ఎప్పుడైనా మోగితే ఆడవాళ్ళు చేతిలో పని అక్కడే వదిలి గని గేటు వైపు పరుగెత్తేవాళ్ళు. అవ్వ ఒకసారి జొన్నపిండి చేతులతోనే పోయి, మూడు గంటల తర్వాత అదే చేతులతో తిరిగివచ్చింది. పిండి ఎండిపోయి వేళ్ళకు పట్టేసింది. ఏదో యంత్రం పాడైందట, ఎవరికీ ఏమీ కాలేదు. అవ్వ నీళ్ళలో చేతులు నానబెట్టుకుంటూ చాలాసేపు కూర్చుంది. మా భయాలన్నీ భూమి లోపల ఉండేవి. భూమి మీద కనిపించే బొగ్గును చూసి ఎవరూ భయపడేవాళ్ళు కాదు.

వంటంతా సిగిడి మీదే. పాత ఇనుప బకెట్‌కు కింద తొర్ర కోసి, మధ్యలో చువ్వలు పెట్టి, లోపలివైపు మట్టి మెత్తితే సిగిడి అవుతుంది. పొద్దున, సాయంత్రం ప్రతి క్వార్టర్ ముందూ ఒక సిగిడి. పిడకముక్కల మీద బొగ్గు పేర్చి అంటించేవాళ్ళు. పచ్చటి పొగ లేచి వీధంతా కమ్మేది. ఆ పొగలో మేము కళ్ళు మూసుకుని ఒకరినొకరు పట్టుకునే ఆట ఆడేవాళ్ళం. పొగ తగ్గి, బొగ్గు ఎర్రగా అయ్యాక గుడ్డతో పట్టుకుని లోపలికి తేవడం ఒక పద్ధతి. పొగ ఉండగా తెచ్చిన కోడలికి చీవాట్లు తప్పేవి కావు. పొగ పోయాక తెస్తే పద్ధతి తెలిసిన మనిషి. అటు ఆదిలాబాద్ వైపు నుంచి చలిగాలి మొదలయ్యే రోజుల్లో వంట అయిపోయినా సిగిడి గదిలోనే ఉండేది. చుట్టూ కూర్చుని పల్లికాయలు కాల్చుకుని తినేవాళ్ళం. ఆ మాడిన పొట్టు వాసన ఇప్పటికీ నాకు ఇష్టమే. ఇష్టమని చెప్పుకోవడానికి సిగ్గుపడతాను.

పక్క క్వార్టర్‌లో నా ఈడు పిల్ల ఒకతి ఉండేది. వాళ్ళది మహారాష్ట్ర సరిహద్దు దగ్గరి ఊరు. తల్లి లేదు. తండ్రి గనిలో, ఇంట్లో నాయనమ్మ. ఆ నాయనమ్మను ఆజి అని పిలిచేది, మేమూ ఆజి అనే పిలిచేవాళ్ళం. ఆజి చేసిన జొన్న భాకరి మా అవ్వ రొట్టె కంటే మందంగా ఉండేది. పచ్చిమిరపకాయలూ ఎల్లిపాయలూ దంచి పైన పెట్టి ఇచ్చేది. కళ్ళ నీళ్ళు పెట్టుకుంటూ తినేవాళ్ళం. ఆ పిల్ల దేనికైనా ముందుకు దూకేది. నేను దేనికైనా ఒక అడుగు వెనక నిలబడేదాన్ని. అందుకే మాకు కుదిరింది.

కాలనీ చివర గ్రంథాలయం ఉండేది. ఒకటే పెద్ద గది. మా క్వార్టర్లకు పెంకుల కప్పు, దానికి స్లాబు. రెండు చెక్క కిటికీలు, ఒక తలుపు, తలుపుకు పైసగం అద్దం. పొద్దున ఓ మూడు గంటల సేపు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా తెరిచేవాళ్ళు. శుక్రవారం సెలవు. గ్రంథపాలకుడు మంథని నుంచి వచ్చిన మనిషి. సన్నగా ఉండేవాడు, చలి అసలు పడేది కాదు. మేము లైబ్రరీ సార్ అనేవాళ్ళం.

ఆయన బల్ల మీద ఒక పాత బిస్కెట్ డబ్బా ఉండేది, మూతకు చీలిక కోసి. ఎవరికి ఏ ప్రశ్న వచ్చినా చీటీ రాసి అందులో వేయవచ్చు, పేరు అక్కరలేదు. ఆదివారం పొద్దున డబ్బా తెరిచేవాడు. జవాబు ఎప్పుడూ చెప్పేవాడు కాదు. "ఎట్ల తెలుసుకుందాం?" అని అడిగేవాడు. పుస్తకంలో ఉంటే మమ్మల్నే వెతకమనేవాడు. లేకపోతే చేసి చూడాలి. చేసి చూడటానికి ఆయనకు ఒకటే నియమం.

"ఒక్కసారికి ఒక్కటే మార్చాలె. మిగిలినయన్ని ఉన్నట్టే ఉండాలె. రెండు మారిస్తే ఏది దేనివల్ల అయిందో దేవునికి గూడ తెల్వది."

ఒక నోటుబుక్కులో మూడు నిలువు గడులు గీశాడు. ఏం మార్చినం. ఇంకేమన్న మారిందా. ఏం అయింది. నా చేతిరాత బాగుంటుందని నోటుబుక్కు రాసే పని నాకు ఇచ్చాడు. రెండో గడిలో నేను దాదాపు ఎప్పుడూ ఒకటే మాట రాసేదాన్ని. "లేదు."

ఒక ఆదివారం ఉల్లిగడ్డ కోస్తే కళ్ళ నీళ్ళు ఎందుకు వస్తాయనే చీటీ వచ్చింది. ఒకటే ఉల్లిగడ్డను సగం చేసి, ఒక సగాన్ని నీళ్ళలో వేసి, రెండింటినీ ఒకే కత్తితో కోయాలి. "నా కండ్లు తీసుకోండ్రి సార్," అని పక్కింటి పిల్ల ముందుకొచ్చింది. మొదటి సగానికి ఏడ్చింది. నీళ్ళలో వేసిన సగానికీ ఏడ్చింది.

"దేనికి ఏడుస్తున్నవే?" అన్నాడు సార్.

"నవ్వస్తంది సార్. నవ్వితే గూడ నాకు నీళ్ళస్తయి."

"అయితే రాయి బిడ్డా," అన్నాడు నాతో. "ఇంకేమన్న మారిందా అంటే, నవ్వింది."

అప్పుడే పేపర్ చదువుకోవడానికి వచ్చిన రిటైరైన కార్మికుడు ఒకాయన తలుపు దగ్గరే ముక్కు మూసుకున్నాడు. "గిది లైబ్రరీయా సార్, క్యాంటీనా? పేపర్ తెరిస్తే పులుసు వాసనొస్తంది."

ఆయన్ని అందరూ పెద్దయ్య అనేవాళ్ళు. చదువు రాదు. కిటికీ పక్కన చేతుల కుర్చీలో కూర్చుని, దొరికిన పిల్లతో పేపర్ చదివించుకునేవాడు. ఊపిరి తీస్తే ఈల వేసినట్టు శబ్దం వచ్చేది. గనిలో నలభై ఏళ్ళ దుమ్ము. ఆ ఏడు దసరా అయిన వారానికి ఆయన చనిపోయాడు. కుర్చీ అక్కడే ఉంది. ఎవరూ అందులో కూర్చోలేదు.

చలి మొదలయింది. సార్ గదిలోకి సిగిడి తెప్పించాడు. ఊడ్చే అవ్వ వరండాలో అంటించి, పొగ పోయాక లోపలికి తెచ్చి గది మధ్యలో పెట్టేది. నేను కూర్చునే చోటు ఆ కుర్చీ వెనక, కిటికీ కింద. కిటికీ చెక్క ఎండి సందులు పడ్డాయి. అందులోంచి గాలి వచ్చి మెడకు తగిలేది. అది తట్టుకోగలిగేదాన్నే. కానీ గాలి జోరుగా వచ్చినప్పుడు సందు ఈల వేసేది. అచ్చం పెద్దయ్య ఊపిరిలాగే. మొదటిసారి విన్నప్పుడు నేను చదువుతున్న వాక్యం మీద వేలు అలాగే ఆగిపోయింది. తల తిప్పి కుర్చీ వైపు చూడలేకపోయాను.

సార్ బల్ల కింద సొరుగులో పాడైన కార్డులు ఉండేవి. పుస్తకాల పేర్లు ఆయన చేత్తో రాసి, తప్పు పోతే పక్కన పడేసినవి. పిల్లలు వాటిని ముట్టుకోకూడదు. నేను గుప్పెడు తీసి, మడిచి, కిటికీ సందుల్లో వరసగా కుక్కాను. రెండో కిటికీకి కూడా కుక్కాను. ఈల ఆగిపోయింది. గది వెచ్చగా అయింది. సార్ కూడా కోటు గుండీ విప్పి, "ఇయ్యాల జర నయముంది," అన్నాడు. నేను ఎవరికీ చెప్పలేదు. కార్డులు తీసినందుకు తిడతాడని ఒకటి. ఈలకు భయపడ్డానని తెలిస్తే నవ్వుతారని ఇంకొకటి.

ఆ వారంలోనే తలనొప్పులు మొదలయ్యాయి. ఇద్దరు పిల్లలకు, తర్వాత ఒక ముసలాయనకు. ఇంటికి పోతే తగ్గేది. తర్వాత పక్కింటి పిల్ల పుస్తకం చేతిలో ఉండగానే లేచి, రెండడుగులు వేసి, పెద్దయ్య కుర్చీ పక్కన పడిపోయింది. వరండాలోకి తెచ్చాక వాంతి చేసుకుంది. నాకూ తల బరువుగానే ఉండేది. చెప్తే లైబ్రరీకి పోనివ్వరని చెప్పలేదు.

నల్లా దగ్గర నీళ్ళు పట్టుకునే ఆడవాళ్ళు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

"పెద్దయ్య ఇడుస్తలేడు."

"గా పోరి సరిగ్గ కుర్చి కాడనే పడ్డదట."

"చదువు మీద పానం గుంజింది ఆయనకు. వచ్చినోళ్ళ తలకాయ తింటుండు."

మర్నాడు లైబ్రరీ గడప దగ్గర కోసిన నిమ్మకాయలు, కుంకుమ. ఊడ్చే అవ్వ వాటిని చీపురుతో తోయడానికి కూడా ఒప్పుకోలేదు. పిల్లలు రావడం తగ్గింది. కాలనీ పెద్దలు నలుగురు సార్ దగ్గరికి వచ్చారు. గురువారం దాకా చూస్తామని, శుక్రవారం ఎలాగూ సెలవని, శనివారం నుంచి తాళం వేసి పైవాళ్ళకు రాస్తామని చెప్పారు. సార్ సరే అన్నాడు. వాళ్ళు పోయాక ఒక చీటీ మీద తనే రాసి డబ్బాలో వేశాడు. వెంటనే డబ్బా తెరిచి, మిగిలిన ఐదారుగురికి చదివి వినిపించాడు.

"ఈ గదిల తలకాయ ఎందుకు నొస్తది?"

ఎవరూ నవ్వలేదు. ఆయన మమ్మల్ని కారణాలు చెప్పమన్నాడు. కొత్త పుస్తకాల బంక వాసన, పేపర్ ఇంకు, తక్కువ వెలుతురు, సున్నం. పక్కింటి పిల్ల "కుర్చి" అంది. సార్ అదీ రాయమన్నాడు. "అందరు అనేది మొదలు చూద్దాం. కాకపోతే తీసేద్దాం." సిగిడి అని ఎవరూ అనలేదు. ఆయనా అనలేదు. అది ప్రతి ఇంట్లో ఉండేదే కదా.

సోమవారం ఏదీ మార్చకుండా ఉన్నదున్నట్టు కూర్చున్నాం. ముగ్గురికి తలనొప్పి.

మంగళవారం కుర్చీ వరండాలో పెట్టించాడు. కుర్చీ కదిలిన చోట దుమ్ము ఉందని ఊడ్చే అవ్వ పొద్దున గది అంతా దులిపింది. కిటికీ రెక్కలు తీసి తుడిచింది. నా కాగితాలన్నీ చెత్తలో పోయాయి. నేను సాయంత్రం వచ్చి చూశాను. సందులు ఖాళీగా ఉన్నాయి. కుర్చీ లేని ఆ చోటుకు పోవాలంటే భయమేసి, తలుపు దగ్గర కూర్చున్నాను. ఏడు గంటలయింది. ఒక్కరికీ తల నొయ్యలేదు.

సార్ నోటుబుక్కు నా ముందు పెట్టాడు. "ఏం మార్చినం?"

"కుర్చి తీసినం."

"ఇంకేమన్న మారిందా? అందరు ఆలోచించుండ్రి."

ఒక్కొక్కరు లేదన్నారు. నా వంతు వచ్చింది. నేనూ లేదన్నాను. మంగళవారం గడిలో నా చేత్తోనే "లేదు" అని రాశాను. అది అబద్ధమని నాకు అప్పుడే తెలుసు. దాని బరువు తెలియదు.

బుధవారం కుర్చీ తిరిగి లోపలికి వచ్చింది. ఆ రోజు గాలి ఎక్కువ. నేను నా చోట కూర్చోగానే వెనక ఈల మొదలయింది. కుర్చీతో పాటు పెద్దయ్యా వచ్చాడని అనుకున్నాను. సార్ బీరువా వైపు తిరిగినప్పుడు సొరుగులోంచి కార్డులు తీసి మళ్ళీ సందుల్లో కుక్కాను, ఈసారి గట్టిగా. ఆరున్నరకు ఇద్దరు వాంతులు చేసుకున్నారు.

పక్కింటి పిల్ల ముఖం తెల్లగా పాలిపోయింది. "చూసినవా," అంది నాతో, "కుర్చి వచ్చింది, నొప్పి వచ్చింది." ఎప్పుడూ భయపడని పిల్ల. ఆ సాయంత్రానికి కాలనీ అంతా తెలిసిపోయింది. లైబ్రరీ సారే లెక్క వేసి చూపించాడు, దయ్యం ఉన్నది నిజమే అని.

గురువారం ఎవరి పిల్లల్నీ ఎవరూ పంపలేదు. తలుపు అద్దంలోంచి చూడటానికి మేము నలుగురం దొంగతనంగా పోయాం. సార్ మమ్మల్ని లోపలికి రానివ్వలేదు.

"ఇయ్యాల నేనొక్కన్నే కూసుంట. మిమ్ముల కూసోబెట్టే హక్కు నాకు లేదు. పది నిమిషాలకోసారి ఎట్లున్నదో రాస్త. అన్ని నిన్నటి లెక్కనే ఉన్నయి గద?"

నా వైపు చూసి అడిగాడో, అందరినీ అడిగాడో తెలియదు. నేను తల ఊపాను. నిజమే, అన్నీ నిన్నటిలాగే ఉన్నాయి. సిగిడి మధ్యలో ఉంది. కార్డులు సందుల్లో ఉన్నాయి. ఆయన పోయి పెద్దయ్య కుర్చీలో కూర్చున్నాడు. తలుపు వేసుకున్నాడు. గోడ గడియారం నాలుగూ పది.

మేము అద్దానికి ముక్కులు ఆనించి నిలబడ్డాం. ఆయన చదివాడు, గడియారం చూశాడు, రాశాడు. మళ్ళీ చదివాడు. ఒకసారి మా వైపు చూసి చేయి ఊపాడు. ఐదు అయ్యాక పుస్తకం తిప్పడం మానేశాడు. పెన్సిల్ కాగితం మీద పెట్టుకుని ఉన్నాడు. ఐదూ పది దాటింది. ఐదూ ఇరవై దాటింది. పెన్సిల్ కదలలేదు. గడ్డం ఎదురొమ్ము మీదికి వాలింది.

"పట్టిండు," అంది పక్కింటి పిల్ల, చాలా చిన్న గొంతుతో.

తలుపుకు లోపల గడియ లేదు. తోస్తే తెరుచుకునేది. నలుగురిలో ఒక్కరమూ తోయలేదు. నేను వీధి వైపు పరుగెత్తాను.

బాపు మొదటి షిఫ్టు చేసి వచ్చి గడప మీద కూర్చుని చాయ తాగుతున్నాడు. "సార్‌ను పెద్దయ్య పట్టిండు బాపూ," అన్నాను. ఆయన కోప్పడలేదు. గ్లాసు కింద పెట్టి, చెప్పులు లేకుండానే నాకంటే ముందు పరుగెత్తాడు.

అద్దంలోంచి ఒక్కసారి చూశాడు. సిగిడిని చూశాడు, మూసిన కిటికీలను చూశాడు. "దూరం పోండ్రి," అని మమ్మల్ని నెట్టి, గుండె నిండా ఊపిరి తీసుకుని, నోరు బిగించి లోపలికి పోయాడు. సార్‌ను చంకల కింద పట్టి ఈడ్చుకుంటూ బయటికి తెచ్చాడు. మళ్ళీ ఊపిరి పట్టి పోయి కిటికీ రెక్కలను కాలితో తన్నాడు. కార్డులు నేల మీద రాలాయి. మూడోసారి పోయి సిగిడి తెచ్చి వరండా కిందికి విసిరాడు. సార్ ముఖం పాలిపోలేదు, ఎర్రగా ఉంది. బాపు ఆ రంగును చూసిన తీరు నేను మరిచిపోలేదు.

"గనిల నిప్పంటుకున్నప్పుడు గిట్లనే," అన్నాడు వచ్చిన వాళ్ళతో. "కూసున్నోళ్ళు కూసున్నట్టే పోతరు. గా గ్యాసుకు వాసనుండది, పొగుండది."

జీపులో దవాఖానకు తీసుకుపోయారు. బాపు ఇంటికి వచ్చాడు. లోపల అవ్వ సిగిడి మీద అన్నం ఉడుకుతోంది. ఆయన గుమ్మంలో నిలబడి దాన్నే చూస్తూ ఉండిపోయాడు. పదిహేనేళ్ళు గని లోపల గాలి చూసి సంతకం పెట్టిన మనిషి. గిన్నె దించకుండానే సిగిడిని ఒట్టి చేతులతో పట్టుకుని బయటికి తెచ్చి పెట్టాడు. అరచేతులు బొబ్బలెక్కాయి.

"ఇగ లోపలికి తేకు," అన్నాడు అవ్వతో. అంతే.

బాపు వీధిలో ప్రతి ఇంటికీ పోయి చెప్పాడు. కొందరు విన్నారు. పక్క క్వార్టర్‌లో ఆజి విన్నది, విని అడిగింది. నేను బాపు వెనక నిలబడి ఉన్నాను.

"నువ్వు చెప్పేది బాగనే ఉంది బాబూ. మంగళవారం గూడ సిగిడి ఉండె గద లోపట?"

"ఉండె."

"మరి ఎవ్వలకు ఏం కాలే. ఏంది లేకుండె? కుర్చి లేకుండె. గంతే గద?"

"గది నాకు తెల్వది ఆజీ," అన్నాడు బాపు. తెలియనిది తెలుసని చెప్పే మనిషి కాదు.

జవాబు ఆయన వెనకే నిలబడి ఉంది. నోరు తెరవాలనుకున్నాను. తెరిస్తే, సార్‌ను ఆ గదిలో అలా చేసింది నేనే అని చెప్పినట్టు అవుతుంది. పోలీసులు వస్తారనుకున్నాను. బాపు కాలిన చేతుల వైపు చూశాను. చెప్పలేదు. వారం తిరిగేలోపు కుర్రాళ్ళు కొందరు పెద్దయ్య కుర్చీని గోదావరి వైపు తీసుకుపోయి తగలబెట్టారు. వీధిలో చాలా ఇళ్ళల్లో సిగిడి మళ్ళీ లోపలికి వచ్చింది.

సార్ నెల దాటాక వచ్చి లైబ్రరీ తాళం తీశాడు. కుడిచేయి వణుకుతోంది. మాట మధ్యలో ఆగి, పోయిన పదం కోసం వెతుక్కుంటున్నాడు. ఆదివారం ఆరుగురం పోయాం. ఆయన నోటుబుక్కు తెరిచి మంగళవారం వరస చూపించాడు.

"కిటికీల సందుల్ల నా కార్డులు దొరికినయి. ఎవరు పెట్టిండ్రో నాకు అక్కరలేదు. నేను అడగ. నాకు ఒకటే కావాలె. కుర్చి తీసిన మంగళవారం నాడు అవి ఉండెనా, లేకుండెనా? ఉండె, లేకుండె. ఒక్క మాట రాసి డబ్బల వేయుండ్రి. పేరొద్దు. ఈ గడి నిండకపోతే మనం చెప్పేది ఎవరు నమ్మరు, నమ్మొద్దు గూడ."

అక్కడికక్కడే మంగళవారం గడిలో నా "లేదు"ను కొట్టేశాడు. పక్కన ఖాళీ వదిలాడు.

వారమంతా నేను చీటీ రాస్తూ చింపుతూ ఉన్నాను. నా చేతిరాత ఆయనకు తెలుసు. ఎడమచేత్తో రాసినా తెలుస్తుందనిపించింది. చివరికి తెల్లకాగితం మడిచి వేశాను, వేసినట్టు ఉండాలని.

ఆదివారం డబ్బా తెరిచాడు. రెండే చీటీలు. మొదటిది పక్కింటి పిల్లది. అది పైకి చదివాడు. "పెద్దయ్యకు చదువు రాదు గద, మరి చచ్చినంక లైబ్రరీల ఎందుకుంటడు?" చదివి, చాలా రోజుల తర్వాత నవ్వాడు. "మంచి ప్రశ్న. నువ్వు దాన్నే పట్టుకో." ఆ పిల్లకు నమ్మకం సడలడం మొదలైందన్నమాట. ఇంకొక్క మాట దొరికితే ఆజితో వాదించి గెలిచేదే. అంత మొండిది.

రెండో చీటీ విప్పాడు. అటూ ఇటూ తిప్పాడు. ఎవరి ముఖమూ చూడకుండా మడిచి నోటుబుక్కులో పెట్టుకున్నాడు.

వేసవిలో ఆయన్ని హుస్నాబాద్ వైపు బదిలీ చేశారు. తర్వాత వచ్చినాయన డబ్బా తీసేశాడు.

మరుసటి చలికాలం ముందు పెంకుల్లోంచి మంచు దిగుతోందని ఆజి వాళ్ళు కప్పు కింద ప్లాస్టిక్ కవరు కొట్టించారు. తలుపుకు గోనెసంచి కట్టారు. పుష్యమాసంలో ఒక పొద్దున, నల్లా వచ్చే వేళకు వాళ్ళ తలుపు తెరుచుకోలేదు. మూడో షిఫ్టు దిగి వచ్చిన ఆ పిల్ల తండ్రి మా బాపును పిలిచాడు. ఇద్దరూ కలిసి తలుపు తోశారు. నన్ను అవ్వ లోపలికి లాగి కళ్ళు మూసింది. వేళ్ళ సందుల్లోంచి ఒకటే కనిపించింది. వాళ్ళు లోపలి నుంచి తెచ్చి వరండాలో పెట్టిన సిగిడి, దాని మీద తెల్లటి బూడిద. ఆజి వయసు అరవై పైన. ఆ పిల్లకు నా వయసే.

ఆ రెండు చావులకూ పెద్దయ్య పేరు పెట్టినవాళ్ళు ఉన్నారు.

నేను సార్‌ను మళ్ళీ చూసింది నా పిల్లలు బడికి పోతున్న రోజుల్లో. రిటైరై సుల్తానాబాద్‌లో చెల్లెలి ఇంటి పక్కన ఉంటున్నాడని తెలిసి కరీంనగర్ నుంచి బస్సెక్కి పోయాను. వరికోతలు అయిపోయిన రోజులు. దారి పొడవునా రోడ్డు మీద వడ్లు ఎండబోసి ఉన్నాయి. ఆయన నన్ను గుర్తుపట్టాడు. చాయ వచ్చేదాకా ఆగలేకపోయాను.

"సార్, కార్డులు..."

"పేరొద్దు," అన్నాడు వెంటనే. "ఉండెనా, లేకుండెనా?"

"లేకుండె సార్. పొద్దున ఊడ్చినప్పుడు పోయినయి. బుధవారం మళ్ళ పెట్టిన."

ఆయన లేచి ట్రంకుపెట్టె తెరిచాడు. నోటుబుక్కు అడుగున ఉంది. మంగళవారం వరస దగ్గర నా తెల్లకాగితం అలాగే మడిచి ఉంది. దాని వెనక పేజీలో ఆయన గురువారం అంకెలు. నాలుగూ ఇరవై, బాగనే ఉన్నది. నాలుగూ నలభై, తల బరువు. ఐదు, అక్షరాలు వంకర. ఆ తర్వాత ఒక గీత కిందికి జారిపోయింది.

"నువ్వే రాయి," అన్నాడు. "నా చేతికి రాయస్తలేదు."

కొట్టేసిన మాట పక్కన రాశాను. కిటికీ సందుల్లో కాగితాలు లేకుండె. అప్పటికి నా చేతిరాత మారిపోయింది. రెండూ ఒకే మనిషివని ఎవరూ అనుకోరు.

"అప్పుడే చెప్పి ఉంటే ఆ పిల్ల బతికేది సార్."

ఆయన కాదనాలని నేను కోరుకున్నాను.

"తెల్వది బిడ్డా. ఆజి వింటుండెనో వినకుండెనో. అది మనం చేసి చూడలే," అన్నాడు. తర్వాత వణికే వేలిని కారణాల జాబితా మీద పెట్టాడు. బంక, ఇంకు, వెలుతురు, సున్నం, కుర్చి. "దీంట్ల సిగిడి లేదు, చూసినవా? చలి పడక తెప్పించుకున్నది నేను. రాయనిది నువ్వొక్కదానివే కాదు."

ఆయనా పోయి చాలా కాలమయింది. నోటుబుక్కు నా దగ్గర ఉంది. కాలనీ ఉన్న చోట ఇప్పుడు నేల పైనుంచే బొగ్గు తవ్వే ఓపెన్‌కాస్ట్ గుంత. లైబ్రరీ గది, మా వీధి, నల్లా, అన్నీ ఆ గుంతలో పోయాయి. పక్కింటి పిల్ల పేరు తలచేవాళ్ళు నేను కాక ఇంకెవరైనా ఉన్నారో లేదో తెలియదు.

ఇవాళ సాయంత్రం ఇస్త్రీ ఆయన మూకుడు బయటే ఉంచాడు. నేను పైనుంచి చూశాను. చలి నిన్నటి కంటే ఎక్కువగా ఉంది. మనుమరాలు దుప్పటి కప్పుకుని కిటికీ వేయమని గొణుగుతోంది.

మా ఇంట్లో చలికాలంలో కిటికీలు మూయము.